గోలు కొట్టని ఆటగాడు

"ముందుకురికొచ్చినోణ్ని శ్రీకర్ ఎట్ల ఆపిండంటే అంకుల్, కింద పడకుంటనే కాలు అడ్డం పెట్టిండు. బాల్ తీస్కున్నడు గని మనిషిని ముట్టలే" అన్నాడు అభిలాష్.

మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న వెంకట్రావు ముందుకు వంగాడు. "అచ్చం ఒర్దునా లాగానా?"

"అచ్చం గట్లనే."

చాయ్ గ్లాసులతో వస్తున్న అరుణమ్మ వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. ఒర్దునా అనే స్పెయిన్ ఆటగాడు కింద పడకుండా బంతి లాక్కుంటాడని పోయిన ఆదివారం ఆ పెద్దాయనే చెప్పాడు. ఆయన మాటనే తన కొడుకు తిప్పి, చచ్చిపోయిన ఆయన కొడుకు శ్రీకర్‌కి అంటగట్టి, ఆయనకే చెబుతున్నాడు. అభిలాష్‌కు ఫుట్‌బాల్ తెలియదు. శ్రీకర్ ఎవరో అసలే తెలియదు.

తెలంగాణ ఉద్యమం రాజుకున్న చలికాలం, విద్యార్థుల ఊరేగింపులో బాష్పవాయువు గోళం వచ్చి అభిలాష్ ముఖాన పగిలింది. రెండు కళ్లూ పోయాయి. దవాఖాన నుంచి మన్సూరాబాద్ ఇంటికి తెచ్చాక వాడు నోరు విప్పలేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. లారీ నడిపే తండ్రి భిక్షపతి ఆ మౌనం చూడలేక ఇంటికి రావడమే తగ్గించాడు.

అలాంటప్పుడు ఒక ఆదివారం వెంకట్రావు వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"మేం దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటామండీ. ఆ గొడవ జరిగిన రోజే మావాడు సరూర్‌నగర్‌లో ఆట ముగించుకుని వస్తూ గుంపులో చిక్కుకున్నాడు. తలకి రాయి తగిలింది. ప్రాణం పోయేదాకా అభిలాష్ అనే కుర్రాడు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడట. దెబ్బలు తగిలినవాళ్లలో ఆ పేరు వెతుక్కుంటూ వచ్చాను. నువ్వేనా బాబూ?"

కాదు సార్ అనబోయింది అరుణమ్మ. అంతలో మంచం మీంచి గొంతు వినబడింది.

"అవును."

కళ్లు పోయాక కొడుకు పలికిన మొదటి మాట అది. దాన్ని అబద్ధమని ఏ తల్లి అంటుంది?

"బాధపడ్డాడా బాబూ?"

"లేదంకుల్. నిద్ర పోయినట్టే పోయిండు. అమ్మను అడిగిండు, గంతే."

పెద్దాయన మొహం చేతులతో కప్పుకుని ఏడ్చాడు. మర్నాటి నుంచి అభిలాష్ అన్నం అడిగి తిన్నాడు.

తర్వాత ఆదివారాలన్నీ ఆయనవే. శ్రీకర్‌కు దేవుడు లాంటివాడైన ఒర్దునా కథను మొదటి నుంచీ చెప్పుకొచ్చాడు. సముద్రపు ఒడ్డున చిన్న ఊరి క్లబ్బులో మొదలెట్టాడట. అతని పనల్లా, జట్టు వెనకాల నిలబడి గోలు పడకుండా చూడటం. గెలిస్తే గోలు కొట్టినవాడి ఫొటో పేపర్లో పడేది, ఓడితే ఇతనిది. బదులుగా అభిలాష్, సరూర్‌నగర్‌లో శ్రీకర్ ఆటలు చూసేవాణ్నంటూ కల్పించి చెప్పేవాడు. పెద్దాయన కళ్లార్పకుండా వినేవాడు.

స్పెయిన్ ప్రపంచకప్పు గెలిచిన ఏడాది ఒర్దునా మోకాలు విరిగింది.

"మరి కప్పు గెలిచిన రోజు ఏం చేసిండంకుల్?"

"ఆసుపత్రిలో టీవీ చూశాడట. కప్పు ఎత్తినప్పుడు మంచం దిగి, ఒంటికాలి మీద నిలబడి చప్పట్లు కొట్టాడట."

అభిలాష్ ఆ సాయంత్రం తల్లిని పిలిచి, "అమ్మా, నాకొక కర్ర కావాలె" అన్నాడు.

సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయాయి. వెంకట్రావు దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచి వచ్చాడు. ఎల్బీనగర్ చౌరస్తాలో కుర్రాళ్లు ఆపి జై తెలంగాణ అనమంటే అని, చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"గా ఆంధ్రాయనకు మీ ఇంట్ల ఏం పని అరుణమ్మా?" అని పక్కింటి సైదమ్మ నిలదీసింది.

"పిల్లగాన్ని సూడొస్తడు" అంది అరుణమ్మ. తన కొడుకు బతకడానికి ఒక తండ్రి దుఃఖాన్ని మోసం చేస్తున్నామన్న మాట మాత్రం ఆమెకు చెప్పలేదు. ఆయనకు చాయ్ ఇచ్చిన ప్రతిసారీ తల దించుకునేది.

చివరికి రాష్ట్రం వచ్చింది. గల్లీలో పటాకులు పేలుతుంటే, ప్రతి చప్పుడుకీ అభిలాష్ భుజాలు ముడుచుకుంటున్నాయి. వెంకట్రావు వాడి చేయి పట్టుకుని కూర్చున్నాడు.

"ఒర్దునా ఆట మానేశాడు బాబూ. మోకాలు మళ్లీ మొదటిలా కాలేదు. కింది డివిజన్లో ఆడాడు, అక్కడా వద్దన్నారు. ఆఖరి మ్యాచ్‌కి జనం కూడా లేరట."

"గప్పుడన్న గోలు కొట్టిండా?"

"లేదు. జన్మలో ఒక్కటీ కొట్టలేదు."

"ఎన్ని ఆపిండో ఎవలు లెక్కపెట్టిన్రు అంకుల్" అన్నాడు అభిలాష్.

ఇల్లు అమ్మేశామనీ, విజయవాడలో కూతురు తన్మయి దగ్గరికి వెళ్లిపోతున్నామనీ అప్పుడు చెప్పాడు వెంకట్రావు. అభిలాష్ లేచి, కర్ర లేకుండా తడుముకుంటూ వాకిలి దాకా సాగనంపాడు.

అరుణమ్మ గల్లీ చివరి దాకా వెంట నడిచింది. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పడం కుదరదు.

"సార్, జర ఆగుర్రి." ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడింది. "మీ కొడుకును ఒళ్లె పెట్టుకున్న అభిలాష్ మావోడు గాదు. మావోడు మీ శ్రీకర్‌ను ఎన్నడు సూడలే. చెప్పినయన్ని కల్లలే. తిడితే నన్ను తిట్టుర్రి సార్, వాణ్ని ఏమనకుర్రి."

వెంకట్రావు ఆగాడు. కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి పెట్టుకున్నాడు. వాకిట్లో ఇంకా నిలబడే ఉన్న అభిలాష్ వైపు చూశాడు.

"ఈ మాట నాకు చెప్పినట్టు వాడికి తెలియనివ్వకండమ్మా" అన్నాడు మెల్లగా. "మావాణ్ని ఒళ్లో పెట్టుకున్న ఆ అభిలాష్, నేను మీ ఇంటికి రావడం మొదలెట్టిన నెలలోనే మా ఇంటికి వచ్చాడు."