ప్రెసిడెంటుగారి రేవు నీళ్లు

“పేట నుయ్యి ఇవాళ పూడ్చేస్తామండి, డాక్టరుగారూ. ఈ ఫ్లూ జొరం అందులోంచే వచ్చింది. వాళ్ల నెత్తురుకే అంటుకుంటాది, మాకు అంటదు.”

ప్రెసిడెంటు కనకరాజు వెనక పారలు పట్టుకుని పాలేళ్లు నిలబడ్డారు. యాభై ఏడులో కొత్తపేట చుట్టూ ఊళ్లన్నీ మూలుగుతున్న రోజులవి. డాక్టరు కామేశ్వరరావు జ్వరాల శిబిరంలో గాజు గొట్టాలు సర్దుతున్నాడు. పక్కనే ఉన్న సహాయకుడు ఏలీయా చేతిలో పని ఆపేశాడు. అతనిది ఊరి చివరి ఆ హరిజనపేటే. పేట మొత్తానికి ఆ నుయ్యే ఆధారం.

“అంటదని మీరెలా చెబుతారండీ? మీ నెత్తురు, ఏలీయా నెత్తురు పరీక్ష చేద్దాం,” అన్నాడు డాక్టరు. “ఎర్రకణాల మీద వైరస్ పట్టుకోడానికి పిడుల్లాంటివి ఉంటాయి. అది పట్టుకుంటే కణాలు గొట్టం అడుగున చాపలా పరుచుకుంటాయి. పట్టుకోకపోతే జారిపోయి బొట్టులా కూర్చుంటాయి.”

“ఆయ్, కానివ్వండి. నా గొట్టంలో బొట్టు పడిందా, నుయ్యి పూడినట్టే!”

ఇద్దరి నెత్తురూ తీశాక, కడగడానికి ఏలీయా ఉప్పునీళ్ల సీసా అందించాడు. కనకరాజు కస్సుమన్నాడు.

“నువ్వు కలిపిన నీళ్లలో నా నెత్తురా? ఇంకా నయం! ఒరే సూరయ్యా, మన ఇంటెనక కాలవ రేవు నీళ్లు ఓ చెంబుడు పట్రా.”

అంత పంతం పట్టాక ఎవరేం చెబుతారు? డాక్టరు ఆ నీళ్లలోనే ఉప్పు వేసి, అందులోనే ప్రెసిడెంటుగారి నెత్తురు కడిగి, కాసేపు నాననిచ్చాడు. తర్వాత రెండు గొట్టాల్లోనూ ఫ్లూ వైరస్ ఉన్న రసం పోశాడు.

అందరూ గొట్టాల మీదికి వంగారు.

ఏలీయా గొట్టంలో చాప. కనకరాజు గొట్టంలో, కుంకుమ దిద్దినట్టు, ఎర్రటి బొట్టు.

“చూసేరా! పదండ్రా!”

“పేటలో పసిపిల్లలున్నారండీ...” ఏలీయా చేతులు జోడించాడు.

“ఆగండి!” డాక్టరు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. “మనిషి నెత్తురన్నాక వైరస్ పట్టుకుని తీరాలి. మళ్లీ చూస్తాను.”

ప్రెసిడెంటు నెత్తురే మరికాస్త తీసి, ఈసారి ఏలీయా ఉప్పునీళ్లలో కడిగి, మళ్లీ రసం పోశాడు. పారలు నేలకానించి అంతా కాచుకున్నారు. చక్కగా చాప పరుచుకుంది.

డాక్టరు ముఖం పాలిపోయింది.

“నెత్తురు ఒకటే, ప్రెసిడెంటుగారూ. మారింది నీళ్లు. మీ నీళ్లలో ఏదో ఆ పిడుల్ని ఊడబెరికేసింది. కలరా పురుగు చేసే పని అది. మీ ఇంట్లో ఆ నీళ్లు ఎవరైనా తాగేరా?”

కనకరాజు చెంబు వైపు చూశాడు. పొద్దుట్నించీ వాంతులతో వేలాడిపోతున్న మనవడు కళ్లముందు మెదిలాడు. గబగబా వచ్చి, ఏలీయా రెండు చేతులూ పట్టేసుకున్నాడు.

“బాబ్బాబు, మీ నూతి నీళ్లు ఓ బిందెడు ఇప్పించవయ్యా!”