పదిహేడో నంబరు

వరండాలో ఇరవై ఆరుగురు రెండో తరగతి పిల్లలు, చేతులు కట్టుకుని, ఒకే వరుసలో.

"ఇరవై ఆరుకి ఇరవై ఆరు, సార్!" అంది టీచరు హాజరు పట్టీ మూస్తూ.

బయటివాళ్ళెవరైనా బడిలో చొరబడితే ఏం చేయాలో నేర్పే మొదటి సేఫ్టీ డ్రిల్లు అప్పుడే ముగిసింది. గంట మోగగానే గడియ పెట్టి, తెరలు దించి, ఎక్కడివాళ్ళక్కడ నక్కాలి. టీచరు నంబరు పిలిస్తేనే బయటికి రావాలి. ఎవరు బుజ్జగించినా, ఎవరు గద్దించినా కదలకూడదు.

ఆ చివరి నియమం టీచరు సొంతం. వారం రోజులు పిల్లల బుర్రల్లోకి ఎక్కించింది.

హెడ్మాస్టరు వాచీ చూసుకుని మురిసిపోయారు.

అంతలో కాపలా తాత గేటు తీయగా, ఒక తల్లి నీళ్ళ సీసాతో వచ్చింది.

"మా పిల్ల మర్చిపోయింది టీచర్. పదిహేడో నంబరు."

"ఇవాళ రాలేదు కదమ్మా."

"రాకపోవడమేంటి? పొద్దున నేనేగా వీధి మలుపులో దింపింది!"

టీచరు హాజరు పట్టీ మళ్ళీ తెరిచింది. పదిహేడు ఎదుట ఆబ్సెంటు; ఆ నంబరు తను పిలవనే లేదు.

"గేటు వేశాక, డ్రిల్లు అయ్యేదాకా ఈగని కూడా రానివ్వలేదమ్మా," అన్నాడు కాపలా తాత.

హెడ్మాస్టరు పోలీసులకి చేద్దామని ఫోను తీశారు.

డ్రిల్లు గంట మోగినప్పుడు, తను తెరలు దించుతుంటే, వెనక తలుపు కిర్రుమంది. అప్పుడు గాలి అనుకున్నది ఇప్పుడు గుర్తొచ్చింది టీచరుకి.

క్లాసులోకి పరుగెత్తింది. వెనకే తల్లి.

బెంచీల కింద ఎవరూ లేరు.

"ఎక్కడున్నావే? బయటికి రా తల్లీ!"

చడీచప్పుడు లేదు.

టీచరు గొంతు సవరించుకుంది. "పదిహేడు."

"ప్రెజెంట్ టీచర్!" అంది మ్యాపుల బీరువా.

తలుపు తీస్తే, జుట్టు నిండా బూజుతో పిల్ల. తల్లి కొట్టబోయి వాటేసుకుంది.

"అమ్మ పిలిస్తే పలకవేమే?"

"ఎవరు పిలిచినా రావద్దన్నారుగా టీచరు!"

టీచరుకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. బెంచీ మీద కూలబడి నవ్వింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది.

"ఎట్నుంచి వచ్చావే అసలు?"

"లేటైందని... వెనక గోడ కన్నంలోంచి. లేటైతే అందరం అట్నుంచే వస్తాం టీచర్."

గుమ్మంలో కాపలా తాత తల గోక్కున్నాడు.

సాయంత్రానికల్లా మేస్త్రీ ఆ కన్నం పూడ్చేశాడు.

మరుసటి నెల డ్రిల్లు నాడు ఇద్దరు పిల్లలు బడికి రాలేదు.

టీచరు వాళ్ళ నంబర్లు కూడా పిలిచింది. పిలిచి, బీరువా వైపు తిరిగి కాసేపు నిలబడింది.