గోడ విన్న మొక్కు

నోట్లో గొణుక్కునే మొక్కు పైవాడికి వినిపిస్తుందా అని ఏళ్లుగా నాకో సందేహం.

పిడుగుకి మా ఏసీ కాలిపోయింది. బయట యాభై రెండు డిగ్రీలు. మంచం పట్టిన మా అత్తగారు తడిగుడ్డ కప్పుకుని మూలుగుతున్నారు. బీమా ఉన్న ప్రతి ఇంట్లోనూ, గుళ్లోనూ బీమా కంపెనీ తరఫున గోడలు వింటాయి, మాట్లాడతాయి. ఏసీకి బీమా డబ్బు అడిగితే, ఆరు రోజులు తిప్పించుకుని మా గోడ ఇవాళ బదులిచ్చింది.

"సుభద్రమ్మ గారూ, మీ క్లెయిము చెల్లదండి. ఏసీలో లోపం ఉందని మీకు ముందే తెలుసు."

"పిడుగు పడుతుందని నాకెలా తెలుస్తుంది నాయనా?"

"ఉగాదినాడు దీపం పెడుతూ, 'స్వామీ, ఈ వేసవి ఏసీ ఆగకుండా చూడు, కాయ కొడతా' అన్నారు. అనుమానం లేకుండా ఎవరూ మొక్కరు కదండీ."

"జబ్బులు రాకూడదనీ మొక్కుతాం. అంటే జబ్బున్నట్టేనా?"

"అది ఆరోగ్య బీమా వాళ్లు చూసుకుంటారండి. అయినా మీ మాట నమ్మేదెలా? పదకొండేళ్ల కిందట మీవారి మోకాలికి మొక్కిన కాయ ఇంకా కొట్టనేలేదు."

మావారు పేపరు దించారు. "నా మోకాలికి మొక్కి ఎగ్గొట్టావుటే?"

మండిపోయింది నాకు. ఆ ఎండలోనే ఆంజనేయస్వామి గుడికి నడిచి, ముందు మోకాలి కాయ కొట్టాను. అత్తగారికి చల్లగాలి అడిగేటప్పుడు మాత్రం పెదవి కదపలేదు.