వెనక్కి తిప్పిన పడవ

పడవ సగం పాయ దాటాక గట్టు మీంచి కేక వినిపించింది.

"ఓ మోషే మావయ్యో! పడవాపు!"

మోషే గడ ఎత్తిపట్టుకుని వెనక్కి చూశాడు. దయానందంగారి పాలేరు రెండు చేతులూ ఊపుతున్నాడు.

ఆ రేవులో ఒక కట్టుబాటు ఉంది. గట్టు మీంచి కేక వినబడితే పడవ ఎంత దూరం పోయినా వెనక్కి తిప్పాల్సిందే. పాము కరిచినవాడు కావచ్చు, నొప్పులు పడుతున్న మనిషి కావచ్చు. మోషే తండ్రి నాటి నుంచీ అదే పద్ధతి. ఆ సంగతి చెప్పుకోవడమంటే మోషేకి మహా ఇష్టం.

"తిప్పకు నాయనా," అంది చివర కూర్చున్న ముసలామె.

ఆమెను మోషే అంతకుముందెప్పుడూ చూడలేదు. ఆమె కొంగు పట్టుకుని కూర్చున్న జీవరత్నాన్ని మాత్రం లంకలో ఎరగనివాళ్ళు లేరు. దయానందంగారి చనిపోయిన భార్యకు చెల్లెలు. మనిషికి ఇరవై ఏళ్ళు, బుద్ధి నాలుగేళ్ళ పిల్లది. ఆదివారం ఆరాధనలో అందరి పాటా అయిపోయాక కూడా తనొక్కతే పాడుతూ ఉండేది. ఈమధ్య రావడం లేదు.

ఒంట్లో బాగుండటం లేదని అందరికీ చెప్పారు దయానందంగారు. ఇల్లరికం వచ్చి సంఘపెద్ద అయిన మనిషి. ఆయన చెప్పాక ఇక అడిగేదెవరు?

"ఆ పిల్లనెక్కడికి తీసుకెళ్తున్నావమ్మా?" అన్నాడు మోషే.

"బందరు ఆస్పత్రికి. ఈ చెయ్యి చూడు."

ముసలామె గుడ్డకట్టు విప్పింది. జీవరత్నం కుడిచెయ్యి నల్లగా కమిలి, ఉబ్బిపోయి ఉంది.

"ఎక్కడో పడుంటుంది," అన్నాడు మోషే.

"పడితే మణికట్టు చుట్టూ తాడు గుర్తులెందుకుంటాయి నాయనా?"

మోషే మళ్ళీ చూడబోయాడు. ఇంతలో తమలపాకుల గంపల మధ్య కూర్చున్న శివరామయ్య అందుకున్నాడు.

"ఆ తాడేదో నువ్వే కట్టుంటావు! బెజవాడ స్టేషన్లో అడుక్కోవడానికి ఇలాంటి వాళ్ళనే ఎత్తుకుపోతున్నారంట. ఏ ఊరు మీది?"

"గుడివాడ అవతల."

"ఈ పిల్లకి నువ్వేమవుతావు?"

ముసలామె ఏదో చెప్పబోయి ఆగిపోయింది.

"నేనేమైతేనేం బాబూ. ముందా చెయ్యి చూడండి."

"చూశావా మోషే? నోట్లోంచి మాట రావడం లేదు!"

మోషే పడవ తిప్పేశాడు.

గట్టు దగ్గరపడింది. పాలేరు మోకాలి లోతు నీళ్ళలోకి దిగి ఎదురొచ్చాడు. అతన్ని చూడగానే జీవరత్నం ముసలామె ఒళ్ళో మొహం దాచేసుకుంది. కూర్చున్నచోటే పావడా తడిసిపోయింది. ఏడుపుకి శబ్దం కూడా లేదు.

"పాపం, ఎంత బెదిరిపోయిందో! ఏం మందు పెట్టిందో గానీ వదలటం లేదే!" అన్నాడు శివరామయ్య.

ఆ పిల్ల ఎవర్ని చూసి బెదిరిందో కళ్ళున్న ఎవరికైనా తెలుస్తుంది. పడవలో అందరికీ కళ్ళున్నాయి. వాటికి దయానందంగారి పెద్దరికం అడ్డమొచ్చింది, అంతే.

ఇద్దరు కలిసి జీవరత్నాన్ని లాగి పాలేరుకి అప్పగించారు. ఎవరో తోస్తే ముసలామె బురదలో పడింది. పాలేరు మాత్రం ఆమె జోలికి పోలేదు. "అయ్యగారు పిల్లని తెమ్మన్నారు, అంతే," అని నసిగి, ఆమె వంక చూడకుండా నడిచాడు.

లేచి మళ్ళీ పడవెక్కబోయిన ముసలామెకి మోషే గడ అడ్డం పెట్టాడు.

"ఈ రేవులో మళ్ళీ కనబడ్డావంటే పోలీసులకి పట్టిస్తాను."

"పట్టించు నాయనా," అంది ఆమె మోచేతి బురద తుడుచుకుంటూ. "నేను వెళ్ళాల్సిందీ అక్కడికే."

ఆ మాటకి పడవలో వాళ్ళంతా నవ్వారు. మోషే కూడా నవ్వాడు.

ఆమె గట్టు వెంబడి సముద్రం వైపు నడిచి, కింది రేవులో చేపల పడవ వాళ్ళని బతిమాలుకుని దాటిందట. రెండు రోజుల తర్వాత పోలీసులు వచ్చింది మోషే పడవలోనే.

జీవరత్నం దయానందంగారి గొడ్లపాకలో, గుంజ దగ్గర దొరికింది. ఎడంచేతికి తాడు ఉంది. కుడిచేతికి కట్టే పని లేదు.

పిల్ల బతికింది. కుడిచెయ్యి మాత్రం మోచేతి దాకా తీసేయాల్సి వచ్చింది. ఆ రోజే తెచ్చి ఉంటే చెయ్యి నిలిచేదన్నాడు బందరు డాక్టరు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ మోషేకి అన్నం సయించలేదు.

సాక్ష్యం చెప్పడానికి ఠాణాకి రమ్మని కబురొచ్చింది. మోషే ఆదివారం చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. వరండాలో ముసలామె కూర్చుని ఉంది.

"తప్పయిపోయిందమ్మా," అన్నాడు చేతులు జోడించి. "నువ్వెవరో ఒక్క మాట చెప్పుంటే పడవ తిప్పేవాణ్ణి కాదు."

"చెప్పుంటే ఇంకా తొందరగా తిప్పేవాడివి నాయనా."

మోషేకి అర్థం కాలేదు.

ఎస్సైగారు ఆమెను లోపలికి పిలిచారు. మోషే గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"పేరు?"

"ప్రేమమ్మండి."

"ఫిర్యాదు మీద కడదాకా నిలబడతావా? కోర్టులో మాట మారిస్తే కుదరదు. దయానందానికి జైలు తప్పదు."

"నిలబడతానండి."

"ఆ పిల్లకీ నీకూ రక్తసంబంధం ఉందా?"

"లేదండి."

"మరి ఆ దయానందం నీకేమవుతాడు?"

ముసలామె కొంగు భుజం మీదికి సర్దుకుని, "నా కొడుకండి, మొదటి కాన్పు," అంది.