ముగ్గు నిలవని చోటు

"అంత గట్టిగ తిప్పకుండ్రి సార్. బోల్టు తెగుతది."

కారు కింద వెల్లకిలా పడుకుని పానా తిప్పుతున్న బాబురావు ఆగాడు.

గేటు అవతల రెండు పాత చెప్పులు, మడమల దాకా రాని పైజామా అంచులు కనిపించాయి.

"ఎవరు?"

"బాబూమియా అంటరు. మిస్త్రీని. యాకుత్‌పురాల ఉంట."

"నేను ఎవర్నీ పిలువలేదు."

"పిలువలే సార్. నూనె కారుతున్నది గద."

నిజమే. ఛత్రినాకలోని ఆ ఇంటి ముందు ఆ పాత నల్ల కారు ఏడాదిగా నూనె కారుస్తూనే ఉంది. షాబాదు బండ మీద, కమల రోజూ ముగ్గు వేసే చోట, అరచేయంత మరక.

బాబురావు ప్రతి ఆదివారం కింద దూరి బోల్టులు బిగిస్తాడు. సోమవారానికి మళ్లీ చుక్క.

భార్య కమల పోయి మూడు నెలలైంది. ఆదివారం పూట చేయడానికి అతనికి ఇంకో పని లేదు.

ఆమె వాకిట్లో కూలిపోయిన పొద్దున అతను కంచన్‌బాగ్‌లో డ్యూటీలో ఉన్నాడు. కబురంది ఆస్పత్రికి చేరేసరికి ఆమె లేదు. అటుగా పోతున్న ఎవరో రిక్షాలో తీసుకొచ్చారట. రిజిస్టరులో తెచ్చినవారి పేరు లేదు. "అన్న" అని మాత్రం రాసి ఉంది.

కమలకు అన్నదమ్ములు లేరు.

"ఆఖరిదాకా ఆయనతో ఏదో చెబుతూనే ఉంది," అంది నర్సు. ఏం చెప్పిందో ఆమె వినలేదు.

ఆ ఒక్కటి తెలుసుకోవాలని బాబురావు రిక్షా అడ్డాలన్నీ తిరిగాడు. తెలియలేదు. ఆ తరువాత ఎవరితోనూ కమల మాట ఎత్తలేదు. ఎవర్నీ ఎత్తనివ్వలేదు.

లేచి గేటు తీశాడు.

బాబూమియా బానెట్ ఎత్తి, కిరసనాయిలు గుడ్డతో ఇంజనంతా తుడిచాడు.

"జర ముగ్గుపిండి తెండ్రి సార్."

"ఎందుకు?"

"తెండ్రి, చూపిస్త."

డబ్బా వంటింట్లో కమల పెట్టిన చోటే ఉంది. మూడు నెలలుగా మూత తీయలేదు. తెచ్చి ఇస్తున్నప్పుడు బాబురావు వేళ్లు దాన్ని వెంటనే వదల్లేదు.

ముసలాయన పిండిని పిడికిట్లోంచి ఇంజను మీద సన్నగా రాల్చాడు. "ఇగ స్టార్ట్ చేయుండ్రి."

ఇంజను వణికింది. తెల్లటి పిండి మీద నల్లటి దారం ఒకటి మెల్లగా దిగింది. అడుగున కాదు, పైన, పక్క మూత అంచు నుంచి.

"చూసిండ్రా? కారుతున్నది మీదికెల్లి. మీరు కింద బిగిస్తున్నరు."

మూత ఊడదీశాడు. వంగిన అంచును బండ మీద పెట్టి సుత్తితో సాపు చేశాడు. తన సంచిలోంచి దళసరి అట్ట తీసి మూత మీద పరిచి, అంచు వెంబడి సుత్తితో తట్టుకుంటూ పోయాడు. కత్తెర లేకుండానే అట్ట ఆ ఆకారానికి తెగింది.

తడుతూనే అన్నాడు. "సార్, ఇంట్ల చెల్లె..."

"ఇంట్లో ఎవరూ లేరు. ఆ మాటలు వద్దు. పని చూడు."

సుత్తి చప్పుడు కాసేపు ఆగింది. మళ్లీ మొదలైంది.

ఆ అట్ట మధ్యలో పెట్టి మూత బిగించాడు. వెళ్లేటప్పుడు మంచినీళ్లు తప్ప ఏమీ పుచ్చుకోలేదు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ వచ్చాడు. వంగి, బండ మీద అరచేయి రాసి చూసుకున్నాడు. నూనె అంటలేదు.

"సూఖా ఉన్నది," అని వెళ్లిపోయాడు.

తరువాతి రోజూ వచ్చాడు. ఆ తరువాతి రోజూ.

పక్కింటి ఎల్లమ్మ కూరగాయల గంప దించుతూ నవ్వింది. "గా ముసలాయన రోజు కారు కిందికి వంగి చూస్తడేంది సార్? కారు ఈనుతదా ఏంది? మీ పానాలు జర భద్రం."

నాలుగో రోజు బాబురావు గేటు తీయలేదు.

"నూనె ఆగింది కద మియా. ఇంకెందుకు వస్తున్నవ్?"

"ఒక మాట చెప్పుడున్నది సార్."

"డ్యూటీకి టైమైంది."

"మంచిది సార్. మల్ల వస్త."

దగ్గుకుంటూ సందు మలుపు తిరిగాడు.

మళ్లీ రాలేదు.

బండ పొడిగానే ఉంది. ఇక కారు కింద దూరే పని కూడా లేదు. రెండు ఆదివారాలు బాబురావు మెట్టు మీద ఊరికే కూర్చుని గేటు వైపు చూశాడు.

మూడో ఆదివారం ఒక బురఖా ఆమె వచ్చింది.

"బాబూమియా బిడ్డను సార్. సురయ్యా. బండ చూసి పోదామని వచ్చిన."

"ఆయన రాలేదేం?"

"అబ్బా పోయిండు సార్. పన్నెండు రోజులాయె."

బాబురావు గేటు గడియ తీసి పక్కకు జరిగాడు.

ఆమె వంగి, తండ్రిలాగే బండ మీద అరచేయి రాసింది.

"ఆఖరికి గూడ ఇదే ఫికర్. 'పోయి చూసి రా బేటీ, మాటిచ్చిన' అనుడే."

"ఎవరికి మాట?"

"మీకు చెప్పలేదా సార్?"

"చెప్పబోయాడు," అన్నాడు బాబురావు. "నేను విననే లేదమ్మా."

సురయ్యా లేచి నిలబడింది.

"ఆ చెల్లెను ఆస్పత్రిల దించి వచ్చినంక దగ్గుతోటి మూడు నెల్లు మంచం పట్టె. లేవంగనే మీ ఇంటికే వచ్చిండు సార్. ఆ దినం ఆస్పత్రిల బయటోళ్లను రానియ్యం అంటె, అన్న అని రాయించి లోపటికి పోయిండట. అబ్బా మిస్త్రీ అని తెలిసినకాంచి, రిక్షాల గూడ, మంచం మీద పండబెట్టినంక గూడ ఆ చెల్లెది ఒక్కటే మాటనట. 'అన్నా, మా ఆయన ఆదివారమంత కారు కిందనే ఉంటడు, ఆయనకు బిగించుడు తప్ప ఏం రాదు... గా నూనె జర నువ్వు ఆపు, నా ముగ్గు నిలుస్తది.'"