పై వాటా వాన

"నేను చూసినా చూడకపోయినా బతికే మొక్కలివ్వండి," అంది రైలమ్మ.

నర్సరీ ఆయన కళ్లద్దాల మీదుగా చూశాడు. "ప్లాస్టిక్‌వి పక్క కొట్టులో దొరుకుతాయమ్మా."

ఆమె నవ్వలేదు. రైళ్లలో టికెట్లు చూసే ఉద్యోగం గనక వీధిలో అందరికీ ఆమె రైలమ్మే. ఏ మొక్క తెచ్చినా డ్యూటీ నుంచి తిరిగొచ్చేసరికి ఎండుపుల్ల. నీ చెయ్యి మంచిది కాదే అని అక్క అననే అంది. తన చేతుల్లో ఒక్కటైనా బతకాలని ఆమె పట్టుదల.

"గట్టి రకాలున్నాయి. ఒకసారి నాటితే ఏటేటా వాటంతటవే చిగురిస్తాయి. గోడ నీడన ఫెర్న్‌లు పెట్టండి. ఎరువులూ కత్తిరింపులూ అక్కర్లేదు. మట్టి మాత్రం తడారనివ్వకండి."

అప్పటికే ఆమె మొక్కలు సంచిలో సర్దుకుంటోంది. చివరి మాట చెవిన పడలేదు.

మొక్కలు బతికాయి. బతకడమేమిటి, గోడ కనపడకుండా కమ్ముకున్నాయి. మధ్యాహ్నాలు కిటికీ పక్కన పడుకుంటే గదంతా ఆకుపచ్చ వెలుతురు. నిద్రలో ఎక్కడో వాన కురిసేది, సన్నగా, తీరిగ్గా. ఆ వానలో ఆమె రైలు ఏ స్టేషన్లోనూ ఆగకుండా ఆకుల మధ్యనుంచి సాగిపోయేది.

లేచి చూస్తే ఆకాశం పొడిగా ఉండేది.

"చూశావా అక్కా, నా చెయ్యి," అని ఫోన్లో మురిసిపోయేది.

ఒకరోజు ఆ వాన ఆరేసిన యూనిఫాం మీద కురిసింది. తలెత్తి చూస్తే పై వాటా బాల్కనీలోంచి చినుకులు. అక్కడ గడియారాలు బాగుచేసే ఆయన ఒక్కడే ఉంటాడు. పలకరిస్తే తప్ప మాట్లాడడు.

"ఏమండీ, మీ కుండీలకి పోసే నీళ్లు నా బట్టల మీద పోస్తే ఎలా?"

ఆయన తొంగిచూశాడు. "పొరపాటైందమ్మా. ఇంక పడవు."

అన్నట్టే, ఆమె ఇంట్లో ఉండగా మళ్లీ చుక్క పడలేదు. దాంతో కలల్లో వాన కూడా ఆగిపోయింది.

వేసవి మొదట్లో, ఆమె డ్యూటీలో ఉండగా, ఆయన ఇల్లు ఖాళీ చేశాడు. ఎటు వెళ్లాడో ఎవరికీ తెలియదు.

ఫెర్న్‌ల అంచులు మాడాయి. తర్వాత ఆకులే ముడుచుకున్నాయి. ఆమె నర్సరీకి పరుగెత్తింది.

"నీళ్లు పోస్తున్నారా?"

"ఎప్పుడూ పోయలేదే."

"మరి ఇన్నాళ్లూ ఎలా బతికాయమ్మా?"

ఆమెకు ఆ చినుకులు గుర్తొచ్చాయి. ఆయన కుండీల్లోంచి కారిన నీళ్లే తన మొక్కల్ని కాపాడాయన్నమాట. అనవసరంగా నోరు పారేసుకున్నానని మనసు చివుక్కుమంది.

ఇంటికొచ్చేసరికి ఇంటావిడ పై వాటా ఊడుస్తోంది. రైలమ్మ మెట్లెక్కి వెళ్లింది.

"పిన్నిగారూ, ఆయన కుండీలన్నీ పట్టుకెళ్లిపోయారా?"

"కుండీలేమిటే? ఆయన ఒక్క మొక్కా పెంచలేదు."

బాల్కనీ నేల మీద కుండీ పెట్టిన మరకైనా లేదు. రెయిలింగుకు మాత్రం, సరిగ్గా ఆమె ఫెర్న్‌లకు పైన, అడుగున సన్నటి చిల్లులు పొడిచిన నీళ్ల డబ్బా ఒకటి ఖాళీగా వేలాడుతోంది.