పలక మీద చేపలు

సోలార్ పలక మీద చీల్చిన కొర్రమీనులు ఆరేసి ఉండటం చూసి సారున్ పడవ ఇంజను ఆపేశాడు.

"ఏమ్మా మాలిస్, నేను అమ్మింది సోలార్ పలకా, చేపలారేసే తడికా?"

నీటి మీద తేలే ఇంటి అంచున గిన్నెలు తోముతున్న మాలిస్ తలెత్తలేదు. "నల్లగా ఉంది కదన్నా, తొందరగా ఆరతాయి," అంది.

సారున్‌కు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఆ పలక నెల కిందటి వరకు నిక్షేపంగా పనిచేసింది. తర్వాత బ్యాటరీ నిండటం లేదని ఆమె మొగుడు నారిన్ గోల మొదలుపెట్టాడు. సారున్ తీగ మార్చాడు, బిగింపులు మార్చాడు, అన్నీ సొంత ఖర్చుతోనే. ఆ తిరుగుళ్ళన్నీ సాయంత్రాలు, అప్పటికి పలక ఖాళీగా ఉండేది. ఈలోగా నారిన్ వచ్చేపోయే ప్రతి పడవనూ లోపల్నుంచే కేకేసి ఆపి సారున్ సరుకు దండగని చెబుతున్నాడు. తొన్లే సాప్ సరస్సు నీళ్ళ మీద తిరిగి అమ్ముకునేవాడికి మాట పోతే బేరం పోయినట్టే.

చేపలు తీయించి మీటరు పెట్టి చూశాడు. పలకలో ఏ లోపమూ లేదు. లోపలికి వెళ్ళి నారిన్‌కు సంగతి చెప్పాడు.

నారిన్ చాప మీద ఒరిగి ఉన్నాడు. పక్కనే చార్జింగు లేని ఫోను. థాయ్ వైపు చేపల ఓడలో అతనూ, తమ్ముడు కోసల్ కలిసి పనిచేశారు. వల లాగే మోకులో చిక్కి నారిన్ కాలు నుజ్జయింది. ఇద్దరికీ ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా ఒకడైనా ఉండాలన్నాడు యజమాని. అన్నను పంపించి తమ్ముడు ఉండిపోయాడు. ఓడ ఒడ్డుకు తగిలినప్పుడే, ఎవరి ఫోనో అడిగి చేస్తాడు. ఇక్కణ్ణుంచి చేసే వీలు లేదు.

"వాడు ఎన్నిసార్లు చేశాడో ఏమో అన్నా," అన్నాడు నారిన్. "ఎత్తకపోతే అన్న పోయాడనుకుంటాడు. పక్కింట్లో చార్జింగు పెట్టించుకు రావే అంటే, నీళ్ళలో పడితే ఉన్నదీ పోతుందంటుంది ఇది."

మళ్ళీ పలక మీద ఏమీ పెట్టనని మాలిస్ ఒప్పుకుంది.

మరుసటి వారం సారున్ కావాలనే పొద్దున్నే వచ్చాడు. పలక నిండా తడి దుప్పటి పరిచి ఉంది. ఇంటి రెండో వైపు బట్టల తాడు ఖాళీగా ఊగుతోంది. చేపల తడికా ఖాళీయే.

సారున్ లోపలికి తొంగిచూశాడు. నారిన్ ఫోను ఒళ్ళో పెట్టుకుని, వెలగని తెర మీద బొటనవేలు నొక్కుతూ కూర్చున్నాడు. ఈసారి తిట్టనూ లేదు. "నీ సరుకు మంచిదేలే అన్నా, నా రాతే బాలేదు," అన్నాడు.

తిట్టినా బాగుండేదనిపించింది సారున్‌కు. పడవలోకి దిగి, తన దీపానికి వాడుకునే నిండు బ్యాటరీని బయటికి లాగాడు. అమ్మితే వచ్చేది ఎంతో తెలుసు. అయినా ఈ ఇంటి మీద నష్టానికి అలవాటు పడ్డాడు. ఇది తీసుకెళ్ళి ఫోనుకు తగిలించమని మాలిస్‌ను పిలిచాడు.

ఆమె వచ్చింది. చేతులు చాచలేదు.

సారున్ గొంతు తగ్గించాడు. "అమ్మాయ్, నేను పుట్టింది మొదలు బేరాలే చేస్తున్నాను. చేపలూ దుప్పట్లూ నాకు చెప్పకు. ఫోను కలవకపోతే మరిది ఇటు రాడు, తిరిగొస్తే తిండికి ఇంకో నోరు, అంతేగా నీ లెక్క? నీ మొగుడి కాలికి బదులు వాడు అక్కడ చాకిరీ చేస్తున్నాడు. ఆ మాత్రం విశ్వాసం లేదా నీకు?"

మాలిస్ ఒకసారి ఇంటి వైపు చూసింది. బ్యాటరీని మెల్లగా పడవలోకే నెట్టింది.

"కోసల్ పోయాడని ఫోనొచ్చి నెలైందన్నా."